ఇంటికి దగ్గరలోని తెలియని బాటల్లో రెండు గంటల నడక: ఎలా వెళ్ళి ఎలా తిరిగి రావాలి

హైదరాబాదులో మీ ఇల్లు ఏ మూలన ఉన్నా, బస్సులోనో బండి మీదనో ముప్పావుగంట ప్రయాణం చేస్తే కాలనీలు పలచబడి, ఏదో ఒక చెరువు కట్టో, గుట్టో, ఎర్రచెలకల మధ్య సాగే బండ్లబాటో కనిపిస్తుంది. శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్ దిక్కుల్లో ఇలాంటి బాటలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటికి పేర్లుండవు, బోర్డులుండవు. ఎవరో ఒకరు ఏదో ఒక పని మీద ఏళ్ళ తరబడి నడవగా పడిన బాటలవి కాబట్టి, నడిచినవారెవరో, ఏ పని మీద నడిచారో గుర్తుపట్టగలిగితే బాట ఎక్కడికి పోయి ఆగుతుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. కింద రాసినదంతా ఆ గుర్తుపట్టడం గురించీ, అది తప్పిపోయినప్పుడు క్షేమంగా వెనక్కి రావడం గురించీ. చిన్న నడక అంటే ఇక్కడ రెండు గంటలు, ఐదారు కిలోమీటర్లు అని అనుకుందాం.

ముందురోజు ఇంట్లో చేసుకోవలసిన పని

మొదట ఫోనులో మ్యాపు తెరిచి, దానిని ఉపగ్రహ చిత్రంలోకి మార్చి, మీరు వెళ్ళదలచిన చెరువునో గుట్టనో మధ్యలో పెట్టుకుని నిదానంగా చూడండి. ఎర్రనేల మీద కాలిబాట సన్నని తెల్లని గీతలాగా కనిపిస్తుంది. ట్రాక్టరు బాట రెండు గీతలుగా, మధ్యలో పచ్చని గడ్డి చారతో కనిపిస్తుంది. కంప్యూటరులో గూగుల్ ఎర్త్ ఉంటే పాత సంవత్సరాల చిత్రాలు కూడా చూడవచ్చు. పదేళ్ళ కిందటి చిత్రంలోనూ నిరుటి చిత్రంలోనూ అదే గీత అదే చోట ఉంటే ఆ బాట నలుగురూ నడిచే బాట అని నమ్మవచ్చు. నిరుటి చిత్రంలో మాత్రమే ఉన్న గీత తవ్వకానికో ప్లాట్ల కోసమో వేసినది కావచ్చు.

రెండవది, సర్వే ఆఫ్ ఇండియా పటం. 1767లో మొదలైన ఈ సంస్థ 1:50,000 కొలతలో గీసిన పటాలను ఇప్పుడు తన వెబ్‌సైట్‌లో నమోదు చేసుకున్నవారికి ఉచితంగా ఇస్తోంది. ఆ పటం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. కాలిబాటలు ఎర్ర చుక్కల గీతలుగా ఉంటాయి. గుట్టల ఎత్తును తెలిపే వంపు గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఎక్కుడు నిటారుగా ఉందని అర్థం. నగరం పెరిగిన వేగానికి ఈ పటాలు వెనకబడి ఉంటాయి, అయితే చెరువు ఎక్కడ, వాగు ఎటు, గుట్ట ఎంత ఎత్తు అనే విషయాల్లో వాటిని మించినవి లేవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆప్‌లలో ఏదో ఒకటి ఫోనులో పెట్టుకుని, మీ ప్రాంతపు పటాన్ని ముందే దించుకోండి. గుట్టల వెనక సిగ్నల్ ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది, అది నేను నా కాళ్ళతో నేర్చుకున్నది. నగర శివార్లలో మ్యాపు మీద నిలువుగా అడ్డంగా గీసినట్టు కనిపించే రోడ్లలో చాలావరకు వెంచర్ల కాగితాల మీది రోడ్లు. కొన్నేళ్ళ కిందట నగరానికి ఉత్తరాన ఒక కుంట దాకా నడిచి, వచ్చిన దారిన పోవడమెందుకని, మ్యాపులో కనిపిస్తున్న నలభై అడుగుల రోడ్డు పట్టుకున్నాను. పావుగంట నడిచాక ఆ రోడ్డు మొలకెత్తిన ప్లాటు రాళ్ళ మధ్య మాయమై, ఎదురుగా ఆరడుగుల ప్రీకాస్ట్ గోడ నిలబడింది. గోడ వెంబడి సర్కారుతుమ్మ పొదల్లోంచి పోతే చివర దొరుకుతుందని అనుకున్నాను. దొరికింది, కానీ అప్పటికి గంటంబావు గడిచింది, ఒక ముల్లు చెప్పు అడుగును పొడుచుకుని మడమలోకి దిగింది, ఫోనులో నాలుగు శాతం ఛార్జింగ్ మిగిలింది. ఆ రోజు నుంచి ఉపగ్రహ చిత్రంలో అరిగిన నేల కనిపించకపోతే మ్యాపులోని గీతను నేను రోడ్డుగా లెక్కపెట్టడం మానేశాను.

చివరగా, ఎక్కడ బయలుదేరుతున్నారో, ఎన్ని గంటలకు తిరిగివస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. బయలుదేరే చోటి లొకేషన్ పంపితే ఇంకా మంచిది.

కాలం, వేళ, వెంట ఉండవలసినవి

అక్టోబరులో వానలు వెనక్కి పోయినప్పటి నుంచి ఫిబ్రవరి దాకా ఈ నడకలకు మంచి కాలం. మార్చి మొదలుకొని పొద్దున ఎనిమిదిన్నర లోపల ముగించుకోవాలి. మే నెల నగరంలో నలభై డిగ్రీలు దాటే రోజులుంటాయి, నల్లబండల మీద ఆ వేడి ఇంకా ఎక్కువగా తగులుతుంది. జనవరి నడుమ మన దగ్గర పొద్దు పొడిచేసరికి ఆరు ముప్పావు దాటుతుంది, నవంబరు చివర సాయంత్రం ఐదూ నలభైకే పొద్దు గూకుతుంది. కాబట్టి సాయంత్రం నడకల కన్న ఉదయపు నడకలు మేలు: దారి తప్పినా ముందున్నది వెలుగే.

కాళ్ళకు పూర్తిగా మూసి ఉండే బూట్లు, ఒంటికి నిండు ప్యాంటు, మనిషికి లీటరు నీళ్ళు, తలకు టోపీయో తువ్వాలో, చేతికి నాలుగడుగుల కర్ర ఉంటే చాలు. కర్ర విషయంలో సిగ్గుపడకండి. అది కుక్కను దూరంగా నిలబెడుతుంది, తడి నేల లోతు చూపిస్తుంది, గడ్డిలో ముందు తట్టుకుంటూ పోతే పాముకు మీరు వస్తున్నట్టు తెలుపుతుంది.

బాటను చదవడం

నడక మొదలుపెట్టిన తరువాత మొదటి పది నిమిషాలు ఫోను జేబులో పెట్టి నేలనే చూడండి. మనిషి కాలిబాట ఒక పాదం వెడల్పుకు మించదు, గట్టిగా అరిగి ఉంటుంది, బండ అడ్డం వస్తే చుట్టు తిరుగుతుంది, ఎక్కుడు వస్తే అడ్డంగా మెలిక తీసుకుని ఎక్కుతుంది. మేకల బాట అలా ఉండదు. అది మొదట్లో మనిషి బాటలాగానే కనిపించి, కొంతదూరం పోయాక రెండుగా, నాలుగుగా చీలి, చివరికి ఏ పొద దగ్గరో రేగుచెట్టు కిందనో అంతమవుతుంది. మేక కొమ్మ అందుకునేందుకు పొద దాకా పోతుంది తప్ప పొద అవతలికి పోవలసిన పని దానికి లేదు. నల్లని చిన్న ఉండల్లాంటి పెంటికలు దట్టంగా ఉండి, పొదల ఆకులు మేసినట్టు ఉంటే మీరు మేకల బాటలో ఉన్నారన్నమాట. చివరి చీలిక దాకా వెనక్కి రండి. బర్రెల బాట వెడల్పుగా, గిట్టలు దిగిన గుంతలతో ఉంటుంది. దాని ఒక కొస ఊళ్ళో కొట్టం, రెండో కొస చెరువు నీళ్ళు. ఊరికి పోవాలంటే బర్రెల బాటను మించిన తోడు లేదు, వానాకాలంలో మాత్రం పిక్కల దాకా బురద.

తాటిచెట్లూ ఈతచెట్లూ ఉన్న వైపు పోయే సన్నని బాట కల్లు గీత కార్మికులది. దగ్గరికి పోయి చూస్తే చెట్టు మొదట్లో నేల గుండ్రంగా అరిగి ఉంటుంది, మొద్దు మీద మోకు ఒరుసుకున్న మచ్చలుంటాయి, పైన లొట్టి, అంటే కల్లు కుండ, వేలాడుతుంటుంది. ఈ బాట ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు తిరిగి ఎక్కడిదక్కడే ముగుస్తుంది, కానీ దాని మొదలు తప్పకుండా ఊరి రోడ్డు మీదికి చేరుతుంది. ఉదయం పూట అక్కడ మనుషులు కూడా దొరుకుతారు.

నా లెక్కలో అన్నిటికన్న నమ్మదగినది చెరువు కట్ట. హైదరాబాదు చుట్టూ ఉన్న చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు: పైచెరువు నిండితే నీళ్ళు మత్తడి (అలుగు) దూకి వాగుగా కింది చెరువుకు చేరుతాయి. కట్టను ఎప్పుడూ పల్లం వైపే వేస్తారు. అందువల్ల కట్ట మీద నిలబడి నీళ్ళకు వీపు పెడితే ఎదురుగా పల్లమూ, ఒకప్పటి ఆయకట్టూ ఉంటాయి. ఆ ఆయకట్టులో ఇప్పుడు వరి ఉందా, అపార్ట్‌మెంట్లు ఉన్నాయా అన్నది వేరే సంగతి. కట్ట మీద ఎక్కడో ఒకచోట, ఎక్కువగా తూము దగ్గరనో ఒక కొసననో, కట్టమైసమ్మ గుడి ఉంటుంది. గుడి అంటే కొన్నిచోట్ల వేపచెట్టు కింద పసుపూ కుంకుమా పూసిన రాయి మాత్రమే. బోనాలకు ఊరంతా అక్కడికి వస్తుంది కనుక మైసమ్మ దగ్గరి నుంచి ఊళ్ళోకి పోయే బాట మూసుకుపోయి ఉండటం నేను ఇంతవరకు చూడలేదు. దారి తెలియనప్పుడు కట్ట ఎక్కండి, కట్ట మీద మైసమ్మను వెతకండి.

కట్ట రెండో కొసన మత్తడి ఉందో లేదో ముందే చూసుకోవాలి. సెప్టెంబరులో మత్తడి పారుతుంటే కట్ట బాట అక్కడితో తెగిపోయినట్టే. చీలమండ లోతు కనిపించే నీళ్ళ కింద రాయి పాకుడు పట్టి ఉంటుంది, ప్రవాహం కాలిని లాగుతుంది. దాటకండి. చెరువు లోపలి వైపు, నగరంలోని చాలా చెరువుల చుట్టూ, ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) రాళ్ళు పాతి ఉంటాయి. చెరువు నిండినప్పుడు నీళ్ళు అంతదాకా వస్తాయని గుర్తు. మీ బాట ఆ రాయి దాటి లోపలికి దిగుతుంటే వేసవిలో అది ఎండిన శిఖం భూమి, వానలు పడ్డాక అదే మోకాలి లోతు రొంపి.

గుట్టల బాటలు వేరే రకం. మన చుట్టూ ఉన్న గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఎండకూ వానకూ అది ఉల్లిపొరలాగా పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. కాలు పెట్టబోయే పెచ్చును ముందు కర్రతో కొట్టి చూడండి, బోలుగా మోగితే దాని మీద బరువు వేయవద్దు. బండ మీద కాలిజాడ పడదు కదా అని కంగారుపడనక్కరలేదు: వందల పాదాలు నడిచిన చోట బండ మీది నల్లని పాచి అరిగి లేతరంగు చార ఏర్పడుతుంది, పొద్దుటి ఏటవాలు వెలుతురులో అది బాగా కనిపిస్తుంది. ఇదే గుట్టల్లో రాయి కొట్టినవారి బాటలు కూడా ఉంటాయి. లారీ తిరిగేంత వెడల్పుగా ఉండి, కంకర పరచినట్టుగా ఉండి, ఉన్నట్టుండి ముగిసే బాట క్వారీ బాట. దాని చివర నిటారు గోడలున్న గుంత, అందులో ఆకుపచ్చని నీళ్ళు ఉంటాయి. అంచు దాకా పోవద్దు, పిల్లలుంటే అసలు ఆ వైపే వద్దు.

అడిగే పద్ధతి

బాటను ఎంత చదివినా మనిషిని అడిగితే తెలిసేది వేరు. అడిగేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. అవుననో కాదనో జవాబు వచ్చే ప్రశ్న వేయవద్దు, ఎందుకంటే మర్యాద కోసమో మిమ్మల్ని తొందరగా పంపించడం కోసమో చాలామంది అవుననే అంటారు. దూరం అడగవద్దు; "గీడనే" అన్న మాటకు రెండు వందల గజాలనీ అర్థమే, రెండు కిలోమీటర్లనీ అర్థమే. "అన్నా, మీరు ఏ దిక్కుకెల్లి వస్తున్నరు?" అని మొదలుపెట్టండి. ఒకసారి కీసర వైపు ఒక పెద్దాయన మేకలను మళ్ళేసుకుంటూ ఎదురుపడితే ఇలాగే అడిగాను. "కట్ట మీదికెల్లి వస్తున్న. నువ్వు గటే పోతవా? పోరాదు బిడ్డా, మత్తడి మీద కడీలు పాతి తీగ గుంజిండ్రు. గీ ఈతచెట్ల సందుల పో, మైసమ్మ కాడ తేల్తవ్" అన్నాడు. మ్యాపులో ఆ కంచె లేదు, ఆ సందూ లేదు.

పొలాల్లో అడగడం మర్యాద కూడా. పొలం గట్టును ఇక్కడ ఒరం అంటారు. నాట్లకు ముందు కొత్తగా చెక్కి మెత్తిన ఒరం మీద కాలు పెడితే అది కుంగి నీళ్ళు పక్క మడిలోకి జారుతాయి. రైతు కనిపిస్తే ఒక్క మాట అడిగి, ఆయన చూపిన ఒరం మీదనే నడవండి. ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంటే పశువులు పంటలోకి రాకుండా పెట్టిందని తెలుసుకుని, దాటాక మళ్ళీ ఉన్నచోటనే పెట్టండి. సీతాఫలాల కాలంలో చెట్టు ఎవరిదో తెలియకుండా కాయ కోయవద్దు; గుట్ట మీది చెట్లకు కూడా ఏరుకునేవారుంటారు, అది వారి ఆ నెల సంపాదన.

ఆగిపోవలసిన చోట్లు

రక్షణ శాఖ భూమి అన్న బోర్డు కనిపిస్తే అక్కడితో ఆపి వెనక్కి తిరగండి, ఫోటో కూడా తీయవద్దు. బొల్లారం, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల నడిచేవారికి ఇది తరచుగా ఎదురవుతుంది. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ ఉద్యానవనం వంటి చోట్ల కంచెలో కంత కనిపించినా అది దారి కాదు, గేటు నుంచే వెళ్ళాలి.

పంట చేల అంచున నేలకు జానెడు ఎత్తులో సన్నని ఇనుప తీగ కనిపిస్తే ముట్టుకోవద్దు, దాటవద్దు. అడవిపందుల కోసం కొందరు అటువంటి తీగకు నేరుగా కరెంటు ఇస్తారు. ఇది చట్టవిరుద్ధమే అయినా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. చీకట్లో ఆ తీగ కనపడదు కాబట్టి పొద్దు గూకాక పొలాల అడ్డదారి పట్టవద్దు. పాత వ్యవసాయ బావులకు చాలాచోట్ల గోడ ఉండదు, అంచున పొద పెరిగి మూసుకుని ఉంటుంది. చేను మధ్యలో ఒంటరిగా గుబురుగా పచ్చగా ఉన్న చోటును చుట్టు తిరిగి పొండి.

పాము కాటేస్తే చేయవలసినది తక్కువే, కానీ అది సరిగా చేయాలి. కోయవద్దు, పీల్చవద్దు, గట్టిగా తాడు కట్టవద్దు. కరిచిన కాలిని కదపకుండా కూర్చోబెట్టి 108కి ఫోను చేయండి. గాంధీ, ఉస్మానియా వంటి పెద్ద ఆసుపత్రుల్లో విషానికి విరుగుడు మందు ఉంటుంది. నాటువైద్యం కోసం గడిపే ప్రతి నిమిషం నష్టమే. కుక్క కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ళ కింద కడిగి, ఆ రోజే టీకా వేయించుకోండి. ఊరి పొలిమేరలో కుక్కలు మొరుగుతూ వస్తే పరుగెత్తకుండా నిలబడి, కర్ర కిందికి ఆనించి, ఊళ్ళోవాళ్ళు పిలిచేదాకా ఆగితే చాలావరకు అవే వెనక్కి పోతాయి.

దిక్కు తప్పితే, తిరిగి వచ్చాక

మొదటిసారి వెళ్ళే బాటలో పోయిన దారినే తిరిగి రావాలన్నది నా నియమం. గుండ్రంగా తిరిగి రావాలన్న కోరిక రెండోసారికి ఉంచుకోండి. బయలుదేరిన యాభై నిమిషాలకు, ఎంత ఊరిస్తున్నా, వెనక్కి తిరగండి. పోయేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, ఫోనుతో ఒక ఫోటో తీసుకోండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు మీకు కనిపించేది ఆ వెనకవైపు దృశ్యమే.

అయినా తప్పితే, నిలబడి దిక్కు చూసుకోండి. మసీదు దొరికితే మిహ్రాబ్ గోడ, అంటే నమాజు చేసేవారు ముఖం పెట్టే గోడ, పడమర వైపు ఉంటుంది. ఇళ్ళు కనిపిస్తే పైకప్పుల మీది డిష్‌లు మన ఊళ్ళో దాదాపు ఆగ్నేయం వైపు చూస్తుంటాయి. పదిళ్ళ డిష్‌లు ఒకేవైపు ఉంటే సందేహం అక్కరలేదు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరలో ఉంటే లారీల హోరు వినిపిస్తుంది, కానీ 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ఎక్కడబడితే అక్కడ ఎక్కడానికి లేదు, కంచె ఉంటుంది. కంచె పక్కన సర్వీసు రోడ్డు పట్టుకుని అండర్‌పాస్ దాకా నడవాలి. పాత బండ్లబాటలు ఎక్కువగా అక్కడే కలుస్తాయి, ఆటోలూ అక్కడే ఆగుతాయి.

ఇంటికి చేరిన రోజే, మరచిపోకముందే, ఒక నోటు పుస్తకంలో బాటను గీయండి: మొదలైన చోటు, చీలికలు, మూసుకుపోయిన చోట్లు, నీళ్ళు దొరికిన చోటు, మైసమ్మ గుడి, బస్సు స్టాపు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఆ కాలిబాట లేకపోతే, ఖాతా తెరుచుకుని మీరే గీయవచ్చు. ఒకరి చేను లోపలి నుంచి పోయే బాటను మాత్రం అందరికీ కనబడేలా పెట్టవద్దు. ప్రతి బాట పక్కన మీరు నడిచిన నెల కూడా రాసుకోండి. జనవరిలో బూటు తడవకుండా దాటిన మత్తడి దగ్గర సెప్టెంబరులో నడుము లోతు నీళ్ళుంటాయి.